బంతి చేరని స్ట్రైకర్: చిత్తూరు వైపు ఒక జట్టు కేస్ స్టడీ

ఈ కేసు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఒక ఊరి ఫుట్‌బాల్ జట్టుది. జట్టు పేరు, ఆటగాళ్ళ పేర్లు, ఏ సీజన్ అన్నవి రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. డబ్బు సంగతి కూడా అంకెల్లో చెప్పను.

స్ట్రైకర్ అంటే ముందు వరుసలో ఉండి గోల్స్ కొట్టాల్సిన ఆటగాడు. ఖర్చు పెట్టి తెచ్చుకున్న స్ట్రైకర్ గోల్స్ కొట్టకపోతే, మన దగ్గరైనా ఇంగ్లండ్‌లోనైనా మొదట వినపడే మాటలు రెండే. ఒకటి, వాడిలో పస లేదు. రెండు, మిగతావాళ్ళు కావాలనే వాడికి బంతి ఇవ్వడం లేదు. ఈ కేసులో రెండూ నిజం కాలేదు. అసలు కారణం తెలిసేసరికి సగం సీజన్ అయిపోయింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

తిరుపతి, చిత్తూరు వైపు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు క్రికెట్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఆడేవాళ్ళకు మాత్రం సాయంత్రమైతే అదే లోకం. యూనివర్సిటీ, కాలేజీ గ్రౌండ్లు, చిత్తూరులో మెసానికల్ మైదానం లాంటి చోట్ల ఆట నడుస్తుంది. పచ్చిక పలచగా ఉంటుంది, చాలాచోట్ల గట్టి నేలే. ఈ నేల సంగతి గుర్తుంచుకోండి, కేసులో దీనికి పెద్ద పాత్ర ఉంది.

జట్టును చాలా ఏళ్ళుగా ఒక పీఈటీ సార్ నడుపుతున్నారు. ఆటగాళ్ళలో డిగ్రీ పిల్లలు, ఒక బైక్ మెకానిక్, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, మొబైల్ షాపులో కూర్చునే కుర్రాడు ఉన్నారు. ముందు వరుసలో అదే ఊరి అబ్బాయి స్ట్రైకర్‌గా ఆడేవాడు. మంచి ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి. డిఫెండర్‌ను వీపుతో ఆపి, కాళ్ళ దగ్గరికి వచ్చిన బంతిని పట్టుకుని, మైదానం అంచుల్లో ఆడే వింగర్లకు వదిలేవాడు. జట్టు ఆట మొత్తం అతని చుట్టూ అల్లుకుంది. మధ్య వరుసలో ఆడే మిడ్‌ఫీల్డర్‌కు బంతి దొరికితే తల ఎత్తకుండానే అతని కాళ్ళకు వేసేవాడు.

ఆ పద్ధతిలో జట్టు ఫైనల్స్ దాకా వెళ్ళేది, గోల్ కొట్టలేక ఓడేది. పోషకులు ఇద్దరు. ఊళ్ళో వ్యాపారాలున్న, ఆటంటే నిజంగా ఇష్టమున్న మనుషులు. "ఒక్క గోల్ కొట్టేవాడుంటే చాలు" అని కేరళ నుంచి ఒక స్ట్రైకర్‌ను సీజన్‌కు మాట్లాడుకున్నారు. మలప్పురం వైపు సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే టోర్నమెంట్లలో బాగా పేరున్న కుర్రాడు. ఫోన్లో చూసిన వీడియోల్లో అతను డిఫెండర్ల వెనక్కి మెరుపులా దూసుకుపోయి గోల్స్ కొడుతున్నాడు. మ్యాచ్ ఫీజు, గది, భోజనం, రైలు ఖర్చులు అన్నీ కలిపితే మిగతా జట్టు మొత్తానికి ఏడాదికి అయ్యేంత ఖర్చు అతనొక్కడికే అయింది.

ఇక్కడ పెద్ద క్లబ్బులకూ మనకూ ఒక తేడా ఉంది. 2011 జనవరి 31న ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ, స్ట్రైకర్ ఫెర్నాండో టోరెస్ కోసం మరో క్లబ్బు లివర్‌పూల్‌కు 5 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఐదున్నరేళ్ళ ఒప్పందం. క్లబ్బులు తమ లెక్కల్లో ట్రాన్స్‌ఫర్ ఫీజును ఒప్పందం ఉన్న ఏళ్ళకు పంచి రాసుకుంటాయి. ఇలా పంచుకోవడానికి ఐదేళ్ళే గరిష్ఠమని 2023లో ఐరోపా ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ పరిమితి పెట్టింది కూడా. టోరెస్ ఆ సీజన్‌లో చెల్సీకి లీగ్‌లో ఒక్క గోలే కొట్టాడు. అయినా క్లబ్బు ఓపిక పట్టగలిగింది. 2012 ఏప్రిల్‌లో బార్సిలోనా సొంత మైదానంలో ఆఖరి నిమిషాల గోల్ కొట్టి, ఐరోపా క్లబ్బుల పెద్ద టోర్నీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో జట్టుకు ఫైనల్ చోటు ఖాయం చేసిన ఆనందం అతనికి దక్కింది. మన ఊరి జట్టుకు అంత గడువు లేదు. డబ్బంతా ఒక్క సీజన్‌లోనే పోతుంది. కాబట్టి ఈ కేసులో నేను తీసుకున్న ప్రతి నిర్ణయానికీ "ఇది ఎన్ని రోజుల్లో ఫలితమిస్తుంది" అన్న ప్రశ్న ముందుండేది.

సమస్య

సలహా కోసం నన్ను పిలిచింది పీఈటీ సార్. అప్పటికి కొత్త స్ట్రైకర్ ఒక పెనాల్టీ తప్ప గోల్ కొట్టలేదు. పోషకుల్లో ఒకాయన మ్యాచ్‌లో అతను ఎన్నిసార్లు బంతి తాకాడో కాగితం మీద గీతలు పెట్టి లెక్కేస్తున్నారు. ఆయన అనుమానం సూటిగా ఉంది: "పాతోడి స్నేహితులు అందరూ. బయటినించి వచ్చినోడికి బంతి ఇస్తారా సామీ?" కొత్త కుర్రాడు మాటల మనిషి కాదు. తమిళంలో అడిగితే మెల్లగా చెప్పాడు, తను పరుగెత్తినప్పుడు బంతి రావడం లేదని, వచ్చినప్పుడు తను నిలబడి ఉన్నానని. చిత్తూరు వైపు పిల్లలకు తమిళం వస్తుంది, అతనికీ కొంత వస్తుంది కాబట్టి భాష అడ్డం కాలేదు.

తాకిన లెక్క గురించి పోషకుడితో ముందే మాట్లాడాను, ఎందుకంటే ఆ కాగితం జట్టులో టెన్షన్ పెంచుతోంది. 2022 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్ మీద చెల్సీ స్ట్రైకర్ లుకాకు మ్యాచ్ మొత్తం ఆడి 7 సార్లే బంతి తాకాడు. అదే ఏడాది ఆగస్టులో బోర్న్‌మత్ మీద మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ హాలండ్ 8 సార్లే తాకాడు. మొదటిది ఆ సీజన్ వైఫల్యానికి గుర్తుగా మిగిలింది. రెండోదాన్ని ఎవరూ వైఫల్యంగా గుర్తుంచుకోలేదు. హాలండ్ ఆ సీజన్ ముగిసేసరికి లీగ్‌లో 36 గోల్స్ కొట్టాడు. తాకిన అంకె దాదాపు ఒకటే, జట్లు వేరు. లుకాకు అంతకుముందు ఇంటర్ మిలాన్‌లో పక్కన లౌతారో మార్టినెజ్ అనే తోడుతో ఆడి, 2020-21లో లీగ్‌లో 24 గోల్స్ కొట్టి టైటిల్ గెలిచిన మనిషి. చెల్సీ అతని కోసం 9.75 కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చి, ముందు వరుసలో ఒంటరిగా నిలబెట్టింది. హాలండ్‌కు మాత్రం వెనక డి బ్రుయ్‌నె ఉన్నాడు. ఆ సీజన్ లీగ్‌లో 16 గోల్స్‌కు పాస్ ఇచ్చిన మనిషి అతను. అందుకే స్ట్రైకర్ ఎన్నిసార్లు తాకాడన్నది పక్కనపెట్టి, బంతి ఎక్కడికి వెళ్తోందో, ఆ క్షణంలో అతను ఎక్కడున్నాడో చూద్దామన్నాను. పోషకుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

కారణం వెతకడం

ఒక ఆటగాడి తమ్ముడు కాలేజీ బిల్డింగ్ మేడ మీద నుంచి రెండు మ్యాచ్‌లు ఫోన్లో తీశాడు. ఎత్తు నుంచి తీసిన వీడియో కాబట్టి ఇరవై ఇద్దరూ కనపడతారు. గోల్ దగ్గరి క్షణాలు వదిలేసి, మన మిడ్‌ఫీల్డర్‌కు బంతి దొరికిన ప్రతిసారీ వీడియో ఆపి చూశాను.

అనుమానం అసూయ మీద ఉంది కాబట్టి ముందు దాన్నే పరీక్షించాలి. అసూయతో బంతి ఇవ్వని ఆటగాడు ఏం చేస్తాడు? పక్కకో వెనక్కో వేస్తాడు, లేదా తనే తీసుకెళ్తాడు. ఇక్కడ అలా జరగలేదు. బంతి ముందుకే వెళ్తోంది. పెనాల్టీ బాక్స్ బయట, మధ్యలో, కాళ్ళ ఎత్తులో, సరిగ్గా పాత స్ట్రైకర్ నిలబడే చోటికి. కొత్తవాడు ఆ సమయానికి డిఫెండర్ల వెనక్కి పరుగు మొదలుపెట్టి ఉంటాడు. బంతి ఖాళీ చోటికి వెళ్ళి ప్రత్యర్థికి దొరుకుతుంది. ఆ సీజన్‌లోనే జట్టులోకి వచ్చిన, పాత స్ట్రైకర్‌తో ఏ స్నేహమూ లేని కుర్రాడు కూడా అదే చోటికి వేశాడు. అతను ఆ అలవాటు మిగతావాళ్ళను చూసి ప్రాక్టీస్‌లో నేర్చుకున్నాడు. స్నేహమే కారణమైతే అతను వేరేలా ఆడాలి కదా.

మొబైల్ షాపు కుర్రాడు కుడి వింగర్. వీడియో ఆపి చూపించి, ఈ బంతి ఎవరికేసినావప్పా అని అడిగాను.

"ఆయనకే సార్. ఎప్పుడూ ఏసే చోటికే ఏసినా. ఆయన ఆడ లేడు."

నా దృష్టిలో ఈ కేసుకు రోగనిర్ధారణ ఆ ఒక్క జవాబులో ఉంది. పదిమంది కాళ్ళలో ఒక మనిషి కోసం ఏర్పడిన అలవాటు, ఆ మనిషి బెంచీ మీద కూర్చున్నా పనిచేస్తూనే ఉంది.

రెండో విషయం ఆఫ్‌సైడ్, అంటే మనవాడు బంతి వేసే క్షణానికి ఆఖరి డిఫెండర్ వెనక నిలబడి ఉండకూడదన్న నియమం. అతను పేరు తెచ్చుకున్న సెవెన్స్ టోర్నమెంట్లలో ఆఫ్‌సైడ్ నియమం లేదు, గ్రౌండ్ చిన్నది. ఆఖరి డిఫెండర్ వెనకే నిలబడి ఎదురుచూడవచ్చు. పదకొండు మంది ఆటలో అది కుదరదు. ఫోన్లో వీడియోలు చూసి ఎంచుకున్నవాళ్ళకు అతని వేగం కనపడింది గానీ, అతను పరుగు ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నాడన్నది కనపడలేదు.

చేసి చూసినవి, పనిచేయనివి

నేను వెళ్ళేముందే పోషకులు జట్టుకంతా ఒక హోటల్లో భోజనం పెట్టి, ఐకమత్యం గురించి మాట్లాడారు. మంచి మనసుతో చేసిన పనే. కానీ పిల్లలకు అది నింద లాగా వినపడింది. తాము చేయని తప్పుకు బుద్ధి చెబుతున్నారనుకున్నారు.

తర్వాత పొడుగు బంతులు. డిఫెన్స్ నుంచి నేరుగా పైనుంచి కొడితే కొత్తవాడి వేగానికి పని దొరుకుతుందని పీఈటీ సార్ ఆలోచన. పచ్చిక దట్టంగా ఉన్న నేల మీద ఇది పనిచేయవచ్చు. మన నేల మీద బంతి పడ్డాక వేగం తగ్గదు. రెండు ఎగురులు ఎగిరి నేరుగా గోల్‌కీపర్ చేతుల్లోకి వెళ్తుంది. కుర్రాడు ఏప్రిల్ ఎండలో వృథా పరుగులు పెట్టి పెట్టి రెండో హాఫ్‌కు అలసిపోయాడు.

ఆపైన నా సలహాతోనే, కొత్తవాడినే వెనక్కి వచ్చి కాళ్ళ దగ్గర బంతి అందుకోమన్నాం. పదిమందిని మార్చడం కన్నా ఒక్కడిని మార్చడం త్వరగా అవుతుంది కదా అన్నది లెక్క. సీజన్ చిన్నది కాబట్టి ముందు త్వరగా తేలే దారి చూడటం సబబే. కానీ అతను సన్నటి మనిషి. గోల్‌కు వీపు పెట్టి నిలబడితే డిఫెండర్ భుజం తగిలితే చాలు, బంతి పోతుంది. పోయిన బంతి మన సగంలోకే ఎదురుదాడిగా వస్తుంది. దేనికోసం అతన్ని తెచ్చుకున్నారో ఆ వేగమే వాడకుండా పోయింది. ఒక మ్యాచ్‌తో ఆపేశాం.

తర్వాత ఇద్దరు స్ట్రైకర్లనూ పక్కపక్కన ఆడించాం. మిడ్‌ఫీల్డ్‌లో ఒక మనిషి తగ్గాడు. పాతవాడు మళ్ళీ కనపడేసరికి బంతులన్నీ అతనికే వెళ్ళాయి. కొత్తవాడు చూస్తూ ఉండిపోయాడు. ఫలితం ముందుకన్నా అన్యాయం.

అయితే ఆ మ్యాచ్ చివర్లో ఒకటి జరిగింది. అలసిపోయిన పాత స్ట్రైకర్ ముందు వరుస వదిలి బాగా వెనక్కి జారాడు. అక్కడ బంతి దొరికింది. వెనక డిఫెండర్ లేడు కాబట్టి మొదటిసారి గోల్ వైపు తిరిగాడు. తిరగ్గానే కొత్తవాడి పరుగు కనపడింది. ఇద్దరు డిఫెండర్ల సందులోంచి ఏటవాలుగా బంతి వేశాడు. గోల్ కాలేదు, షాట్ పోస్ట్ పక్కనుంచి పోయింది. కానీ కొత్త స్ట్రైకర్ సీజన్‌లో మొదటిసారి పరుగులో ఉండగా బంతి అందుకున్నాడు. పీఈటీ సార్, నేను ఇద్దరం ఒకే విషయం చూశాం. మ్యాచ్ అయ్యాక దాని గురించే మాట్లాడుకున్నాం.

పనిచేసినది

జట్టు అలవాటును చెరిపే ప్రయత్నం మానేసి, దాన్నే వాడుకోవాలని నిర్ణయించాం. మిడ్‌ఫీల్డర్లు ఎలాగూ పాత స్ట్రైకర్ కాళ్ళకే వేస్తారు, వేయనిద్దాం. అతన్ని పది పన్నెండు గజాలు వెనక్కి జరుపుదాం. అతను తిరగడమే కొత్తవాడి పరుగుకు సంకేతం. ఇలా అయితే పదిమంది కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, ఇద్దరే నేర్చుకోవాలి.

ఈ మాట పాత స్ట్రైకర్‌కు ఎవరు చెప్పాలి? నేను బయటి మనిషిని. నేను చెబితే, బయటినుంచి ఇంకొకరొచ్చి తన చోటు తీసేస్తున్నారనిపిస్తుంది. పీఈటీ సార్ అతనికి ఆరో తరగతి నుంచి ఆట నేర్పినవారు, కాబట్టి ఆయనే చెప్పాలని కోరాను. అబ్బాయి మొదటి మాట, "నన్ను తీసేస్తా ఉండారా సార్?" సార్ అతని భుజం మీద చెయ్యి వేసి, "తీసేసేదేంది నాయనా. ఇన్నాళ్ళూ గోల్‌కు వీపు పెట్టి ఆడినావు. ఇంక మొకం పెట్టి ఆడు" అన్నారు. తొమ్మిదో నంబర్ చొక్కా అతనికే ఉంచారు. కొత్తవాడు నంబర్ గురించి అడగనే లేదు.

ప్రాక్టీస్‌లో మాటలు తగ్గించి, ముగ్గురు దాడి చేసేవాళ్ళు, ఇద్దరు డిఫెండర్లు ఉండే చిన్న ఆటను మళ్ళీ మళ్ళీ ఆడించాం. రెండు షరతులు. డిఫెండర్ల సందులోంచి వాళ్ళ వెనక్కి వేసే బంతిని త్రూ బాల్ అంటారు. నేరుగా ముందుకు వేసిన త్రూ బాల్ చెల్లదు, ఏటవాలుగా కార్నర్ జెండా వైపు వేయాలి. గట్టి నేల మీద నేరుగా వెళ్ళే బంతి కీపర్‌ది. ఏటవాలుగా వెళ్ళేది కీపర్‌కు దూరమవుతూ స్ట్రైకర్‌కు దగ్గరవుతుంది. రెండోది, స్ట్రైకర్ కదలకుండా నిలబడిన చోటి నుంచి పరుగు మొదలుపెట్టకూడదు. ఆఫ్‌సైడ్ హద్దుగా నేల మీద సున్నంతో అడ్డంగా గీత గీసి, డిఫెండర్ భుజం పక్కన ఉండి, గీత వెంట కొంచెం పక్కకు నడిచి, పాతవాడు తిరగ్గానే వంపు తిప్పుకుని వెళ్ళడం నేర్పాం. సార్ విజిల్ పట్టుకుని పక్కన నిలబడేవారు. మొదట్లో ఆఫ్‌సైడ్ విజిల్ తప్ప ఏమీ వినపడలేదు. కొత్తవాడు ఒప్పుకుని ఓర్చుకుని నేర్చుకున్నాడు. ఆ శ్రద్ధను నేను మెచ్చుకోకుండా ఉండలేను. పేరున్న ఆటగాడు, డబ్బు ముందే తీసుకున్నవాడు, చిన్నపిల్లల పాఠం లాంటిది మొదటి నుంచి నేర్చుకోవడానికి ఒప్పుకోవడం తేలిక కాదు.

ఇంకో నిర్ణయం, ఎండాకాలం మ్యాచ్‌లలో అతన్ని గంటసేపే ఆడించడం. దీనికి పోషకులు ఒప్పుకోలేదు. ఇంత పెట్టి తెచ్చి బెంచీ మీద కూర్చోబెడతారా అన్నారు. ఇచ్చిన డబ్బు అతను ఆడినా తిరిగిరాదు, కూర్చున్నా తిరిగిరాదు. ఇప్పుడు తేల్చాల్సింది ఆ ఆఖరి అరగంటలో జట్టుకు ఎవరు ఎక్కువ ఉపయోగమన్నదే. ఈ మాటే వాళ్ళకు రెండు మూడు విధాలుగా చెప్పాల్సివచ్చింది. టోరెస్‌ను అమ్మిన రోజే లివర్‌పూల్ ఆండీ కారల్‌ను 3.5 కోట్ల పౌండ్లకు కొన్నది. పొడగరి, తలతో కొట్టేవాడు. అతనికి క్రాస్‌లు, అంటే మైదానం అంచు నుంచి గోల్ ముందుకు వేసే బంతులు, అందాలని ఆ ఎండాకాలంలో స్టూవర్ట్ డౌనింగ్ అనే వింగర్‌ను దాదాపు 2 కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చారు. డౌనింగ్ 2011-12 లీగ్ సీజన్‌లో గోల్ కొట్టలేదు, ఒక్క గోల్‌కూ పాస్ ఇవ్వలేదు. పెట్టిన ఖర్చును నిలబెట్టుకోవడానికి ఇంకో ఖర్చు పెట్టే ఈ దారి మన పోషకులకూ వచ్చింది. బెంగళూరు నుంచి ఒక మిడ్‌ఫీల్డర్‌ను తెద్దామని అప్పటికే ఫోన్లు నడుస్తున్నాయి. అది ఆపించి, ఆ డబ్బులో కొంత మన పిల్లలకు పెట్టమన్నాను.

దానికి కారణం ఉంది. అసూయ లేదన్నాను గానీ బాధ లేదనలేదు. పుత్తూరు, చంద్రగిరి వైపు నుంచి ప్రాక్టీస్‌కు వచ్చే పిల్లలు బస్సు చార్జీ సొంతంగా పెట్టుకుంటున్నారు. కొత్తవాడికి గది, భోజనం ఉన్నాయి. ప్రాక్టీస్ అయ్యాక వీళ్ళకు అరటిపండు కూడా లేదు. ఇది పాస్‌లు తప్పిపోవడానికి కారణం కాదు, దీన్ని సరిచేసినంత మాత్రాన గోల్స్ రావు. కానీ కొత్త పద్ధతి నేర్చుకోమని అడిగేముందు న్యాయంగా చేయాల్సిన పని. చార్జీలు, గుడ్లు, పండ్లు పోషకులు వెంటనే ఏర్పాటు చేశారు. మ్యాచ్ రోజు ఉదయం గ్రౌండ్‌కు ట్యాంకర్ నీళ్ళు కొట్టించడం కూడా వాళ్ళే మొదలుపెట్టారు. నేల కొంచెం మెత్తబడి బంతి మాట వినడం మొదలైంది.

ఫలితం

కొత్త స్ట్రైకర్ గోల్స్ కొట్టాడు, పోషకులు కలగన్నన్ని కాదు. నేను ఊహించనిది, పాత స్ట్రైకర్ అతనికన్నా ఎక్కువ కొట్టడం. కొత్తవాడి వేగానికి భయపడి ప్రత్యర్థి డిఫెండర్లు వెనక్కి వెనక్కి జరిగేవారు. వాళ్ళ ముందు ఏర్పడిన ఖాళీలో పాతవాడికి షాట్ కొట్టే సమయం దొరికింది. స్కోరు పట్టిక చూసినవాళ్ళు డబ్బు దండగైందన్నారు. ఆ ఖాళీకి ధర కట్టడం వాళ్ళకు తెలియదు. పీఈటీ సార్‌కు తెలుసు. జట్టు కప్పు గెలవలేదు, సెమీఫైనల్లో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయింది.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ జట్టు స్ట్రైకర్ కావాలని నన్నడిగినా ముందు వాళ్ళ మిడ్‌ఫీల్డర్ల వీడియో అడుగుతున్నాను. బంతి ఏ చోటికి వెళ్ళడానికి అలవాటు పడిందో తెలిస్తే, ఆ చోటికి వచ్చే మనిషి కావాలా, ఆ అలవాటును మార్చే ఓపిక జట్టుకు ఉందా అన్నది తేల్చుకోవచ్చు. ఒకే సీజన్ ఉన్న జట్టుకు సాధారణంగా మొదటిదే మంచిది. 2025 సెప్టెంబర్ 1న లివర్‌పూల్ స్ట్రైకర్ ఇసాక్ కోసం 12.5 కోట్ల పౌండ్లు పెట్టినా ఏళ్ళ ఒప్పందం చేతిలో ఉంది, మనకు ఉండేది మూడు నెలలు.

బయటి ఆటగాడు ఏ రకం ఆట నుంచి వస్తున్నాడో కూడా అడుగుతాను. సెవెన్స్, ఫుట్‌సాల్, టర్ఫ్ మీద ఫైవ్స్, ఒక్కోదానిలో ఒక్కో నేల, ఒక్కో నియమం. గోల్స్ సంఖ్య ఒక ఆట నుంచి ఇంకో ఆటలోకి అలాగే రాదు.

పోయిన ఏడాది అదే పోషకుడు ఫోన్ చేసి ఒక వింగర్ గురించి అడిగారు. ఈసారి అతని వీడియోలు మనకు పంపించుకోవడంతో ఆగకుండా, మన జట్టు ఆడిన ఒక పూర్తి మ్యాచ్ అతనికి పంపి, "ఈ బంతి వచ్చినప్పుడు నువ్వైతే ఎక్కడుంటావు?" అని అడగమన్నాను. ఆయన నాలుగు చోట్ల వీడియో ఆపి అడిగారట. కుర్రాడు రెండు చోట్ల ఇచ్చిన జవాబు మన లెఫ్ట్ బ్యాక్ వేసే పాస్‌కు సరిపోయింది. మిగతా రెండూ ప్రాక్టీస్‌లో చూసుకుందామని మాట్లాడుకున్నారు.